తుపాకి కర్ర మీద గాట్లు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. తీసుకున్నవేమిటో స్టేషన్ పుస్తకంలోనే రాసి రాజు సంతకం పెట్టాడు. ఈ పాఠం మా పిల్లలకు నోటికి వచ్చు. గాం గంటందొర, మల్లుదొర పేర్లూ చెబుతారు. కానీ ఆ తుపాకులు భుజాన మోసిన మన్యం వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు.

అందుకే ఎక్కడైనా పాత తుపాకి కర్ర కనబడితే నేను ముందు దాని మీది గాట్లు చూస్తాను. మార్టిని హెన్రీ లాంటి ఇంగ్లీషు తుపాకులకు అక్రోటు కర్ర వాడేవారు. మడమకు కుడిపక్క గుండ్రటి ముద్ర కొట్టేవారు. మన నాటు తుపాకులకు అలాంటి ముద్రలుండవు. చెంప ఆనిన చోట నునుపు, చెయ్యి పట్టిన చోట నలుపు, ఎవరో కత్తితో పెట్టిన గీత, అంతే. చదవగలిగితే అదే రికార్డు.

మా తాత తుపాకి గొట్టాన్ని మా నాన్న స్టేషన్లో అప్పగించేశాడు. కర్ర మాత్రం అటక మీద ఉండిపోయింది. దాని మీద ఐదు గాట్లుండేవి. కొన్నేళ్ల క్రితం ఆదివాసీ దినోత్సవం ప్రదర్శనకని అడిగితే ఇచ్చాను. వాళ్లు మంచి మనసుతోనే గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ పూసి, మెరిసేలా చేసి తిరిగిచ్చారు. మా అత్త తడిమి చూసి, "ఇది మీ తాతది కాదురా" అంది. ఆ గాట్లు దేనికో నేను తాతను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు చూపించి ఇంకొకరిని అడగడానికి గాట్లూ లేవు.

కాబట్టి మాస్టర్లూ, ఇలాంటిది మీ చేతికొస్తే ముందు ఫొటో తీయండి. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. జిడ్డు వదలకపోతే గుడ్డను తడిపి గట్టిగా పిండి, కనబడని మూల ఒకసారి తుడిచి చూసి, తర్వాతే మిగతాది తుడవండి. నీళ్లలో ముంచొద్దు, సబ్బు పొడి వద్దు, ఎండలో పెట్టొద్దు. నీడలో ఆరనివ్వండి. కర్ర మరీ ఎండిపోయి ఉంటే అవిసె నూనె నాలుగు చుక్కలు చాలు, మిగిలింది తుడిచెయ్యాలి. గరుకు కాగితం గడప దాటి లోపలికి రాకూడదు. గొట్టంతో సహా దొరికితే మాత్రం ముట్టుకోకండి. లోపల మందు దట్టించి ఉండొచ్చు, పైగా లైసెన్సు సంగతి ఉంది. పెద్దలకు, స్టేషన్‌కు చెప్పండి.

తుడిచేటప్పుడు ఆ ఇంటి ముసలివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. గుడ్డ ఏ గాటు దగ్గర ఆగితే ఆ గాటు గురించి అడగండి. ఒక పిల్లో పిల్లాడో నోటు పుస్తకం పట్టుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు, మన భాషలో చెబితే మన భాషలోనే రాసుకోవాలి.