కోటిలింగాల మట్టికోట
జగిత్యాల జిల్లా (పూర్వపు కరీంనగర్ జిల్లా) వెల్గటూరు మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న ప్రాచీన దుర్గం. కుడి ఒడ్డున కట్టిన ఈ కోటకు నది, వాగు సహజమైన అగడ్తలు. చుట్టూ మట్టితో ఎత్తుగా ప్రాకారం, మూలల్లో బురుజులు లేపారు. రాతికి బదులు ఒండ్రుమట్టిని ఎంచుకోవడం పేదరికానికి గుర్తు కాదు: సరుకు కాళ్ళకిందే దొరుకుతుంది, మందమైన కట్ట దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది, కోసుకుపోతే మళ్ళీ పూడ్చుకోవచ్చు.

రాష్ట్ర పురావస్తు శాఖ 1979లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. ఈ చోటు అసలు సంపద నాణేలే. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే స్థానిక పాలకుల పేర్లు, వాటితోపాటు తొలి శాతవాహన రాజు చిముకుని పేరు ఒకే నేలలో వెలుగు చూశాయి. ఎక్కువగా పురాణాల జాబితాలపైనే ఆధారపడిన శాతవాహనుల ఆరంభ చరిత్రకు ఉత్తర తెలంగాణలో గట్టి ఆధారం దొరికింది ఇలాగే.

ఆంధ్రులకు ప్రాకారాలున్న ముప్ఫై పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ పట్టణాల పేర్లు అతను చెప్పకపోయినా, కోటిలింగాలను, హుస్సేనివాగు పక్కనున్న ధూళికట్ట మట్టికోటను చరిత్రకారులు ఆ కోవలో చేర్చారు. ధూళికట్టలో బౌద్ధ స్తూపం కూడా బయటపడింది.

ఎల్లంపల్లి జలాశయపు నీరు కోటిలింగాల ప్రాచీన స్థలాన్ని ముంపుకు గురిచేసింది. మరింత విస్తృతంగా తవ్వకాలు జరపకముందే ఇలా కావడం తెలుగు చరిత్రకు పెద్ద నష్టం.