కార్చిచ్చు - అడవి చట్టం - కొండ మనుషులు

నన్నయ భారతంలో ఆదిపర్వం ఖాండవ దహనంతో ముగుస్తుంది. తరగతిలో ఆ కథ చెప్పినప్పుడల్లా వెనక బల్ల మీది నుంచి ఎవరో ఒక పిల్లవాడు లేచి "అడవిలో ఉన్నవాళ్ళు ఏం తప్పు చేశారు మాస్టారూ?" అని అడుగుతాడు. పాఠం చివర ఇచ్చే ప్రశ్నల్లో ఈ ప్రశ్న ఉండదు. అగ్నిదేవుడికి ఆకలి తీరింది. కృష్ణార్జునులకు ఆయుధాలు దొరికాయి. ప్రాణాలతో బయటపడ్డ మయుడు పాండవులకు సభ కట్టి ఇచ్చాడు. అడవిలో పుట్టి పెరిగిన తక్కిన ప్రాణుల సంగతి పర్వం ముగిసేసరికి మనం మరచిపోతాం.

ఆ పిల్లవాడి ప్రశ్నను పురాణం నుంచి చరిత్రలోకి తెచ్చి అడగవలసిన అవసరం ఉంది. ఏటా వేసవిలో అడవులు తగలబడుతున్నాయి. అడవి అంచున ఉన్న పల్లెలకు ముప్పు వస్తున్నది. తగలబెట్టింది ఆ పల్లెలవాళ్ళేనని అధికారులు అంటారు, పత్రికలు రాస్తాయి. ఈ మాట ఎప్పటినుంచి మొదలయింది, అందులో నిజమెంత అని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు హిమాలయాలలోని కుమావూన్ సీమ చరిత్రను తీసుకుంటున్నాను. అంత దూరం పోవడానికి కారణం ఉంది. 1921లో పలనాటి రైతులు పుల్లరి కట్టబోమని అటవీశాఖకు ఎదురు తిరిగారు. ఆ ఏడాదే కుమావూన్ కొండ రైతులూ అటువంటి చట్టానికే ఎదురు తిరిగారు. కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్ళకు బలైన కథ మనకు తెలుసు. కుమావూన్ కథ మనలో చాలామందికి తెలియదు. అక్కడ రైతులు పట్టిన ఆయుధం నిప్పు.

ముందు ఆ కొండల స్థితి చెప్పుకోవాలి. అక్కడి అడవిలో ముఖ్యంగా రెండు జాతుల చెట్లు పెరుగుతాయి. మొదటిది ఓక్ జాతికి చెందిన చెట్టు. అక్కడివాళ్ళు బాంజ్ అంటారు. దాని ఆకు పశువులకు మేత, పొలానికి ఎరువు. దాని నీడన నేల చెమ్మగా ఉంటుంది, ఊటలు నిలుస్తాయి. రెండవది సంస్కృత కవులు సరళవృక్షమన్న పైన్ చెట్టు. ఇది ఎండ తగిలే వాలుల మీద పెరుగుతుంది. సూదుల వంటి దాని ఆకును పశువు తినదు. ఆ ఆకులు వేసవిలో రాలి నేలమీద పరుపులా పేరుకుంటాయి. వాటిలో జిగురు ఉంటుంది గనుక రవ్వ పడితే భగ్గుమంటాయి. అయితే ముదురు పైన్ చెట్టుకు బెరడు మందం. నేలబారు మంట దాన్ని చంపలేదు. అదే మంటకు బాంజ్ మొలకలు మాడిపోతాయి.

కొండ రైతుకు ఈ సంగతులన్నీ తెలుసు. పైన్ ఆకుల పరుపు కింద గడ్డి మొలవదు, దానిమీద పశువు కాలు జారుతుంది. అందుచేత వానలకు ముందు ఆ ఆకునూ ఎండుగడ్డినీ కాల్చేవారు. వానలు పడగానే లేతగడ్డి వచ్చేది. ఏటా కొంత కొంత కాలిపోవడం వల్ల పెద్ద మంటకు కావలసిన మేత అడవిలో పోగుపడేది కాదు. ఈ దహనం సేద్యంలో భాగం. దుక్కి దున్నడం, ఎరువు తోలడం ఎటువంటి పనులో ఇదీ అటువంటి పనే.

1815లో కుమావూన్ కుంఫిణీ వశమయింది. తరువాత చాలాకాలం దొరలు ఆ అడవిని అంతగా పట్టించుకోలేదు. రైలు మార్గాలు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. పట్టాల కింద పరచే దుంగలకు టేకు, సాల, దేవదారు కావాలి. 1864లో జర్మనీ దేశస్థుడు డీట్రిచ్ బ్రాండిస్ మొదటి అటవీ ఇన్స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1865లో ఒక చట్టం, 1878లో అంతకన్న గట్టి చట్టం వచ్చాయి. రెండవ చట్టం అడవిని రిజర్వు అడవి, రక్షిత అడవి, గ్రామ అడవి అని మూడు తరగతులు చేసింది. మద్రాసు రాజధానికి 1882లో వేరే చట్టం వచ్చింది. మన పలనాటి పుల్లరికి మూలం అదే. కుమావూన్‌లో 1893లో కొలత పడని భూమినంతా రక్షిత అడవిగా ప్రకటించారు. 1911 - 1917 మధ్య సుమారు 3 వేల చదరపు మైళ్ళ అడవిని రిజర్వు చేశారు. ఎన్ని పశువులు మేయాలో, ఎంత కట్టె కొట్టుకోవాలో, ఏ కొమ్మ నరకవచ్చో అటవీశాఖ నిర్ణయించసాగింది. నిప్పు పెట్టడం నేరమయింది.

నిప్పు ఎందుకు నేరమయిందో గమనించాలి. అప్పటికి పైన్ చెట్టుకు ధర వచ్చింది. దాని జిగురు నుంచి టర్పెంటైన్, రోజిన్ తీస్తారు. మొదటి ప్రపంచయుద్ధం వాటికి గిరాకీ పెంచింది. జిగురు కారడానికి చెట్టుకు గాటు పెడతారు. గాటు పడ్డ చెట్టుకు బెరడు రక్షణ పోతుంది, కారిన జిగురు అంటుకుంటుంది. అంతవరకు చెట్టుకు హాని చేయని నేలమంట ఇప్పుడు సర్కారు ఆదాయాన్ని కాల్చే మంట అయింది. మారింది చెట్టుతో సర్కారుకు ఉన్న సంబంధం; రైతు పెట్టే నిప్పు పాతదే.

మంటల నివారణే శాస్త్రీయమని దొరలు నమ్మడం వల్ల ఇలా చేశారని చెప్పేవారున్నారు. ఆ నమ్మకం నిజమే. 1860లలో మధ్యపరగణాల బోరీ అడవిలో పియర్సన్ అనే అధికారి మంటలు రాకుండా ఆపి చూపించాడు. దాన్ని దేశమంతటికీ ఆదర్శంగా తీసుకున్నారు. కాని 1896లోనే 'ఇండియన్ ఫారెస్టర్' పత్రికలో స్లేడ్ అనే అటవీ అధికారి బర్మాలో మంటల నివారణ మితిమీరిందని వాదించాడు. మంటలు ఆపినచోట టేకు మొలకలు రావడం లేదని అక్కడివారు గ్రహించారు. చివరకు బర్మా అడవుల్లో చాలా భాగంలో ఆ పద్ధతినే మానుకున్నారు. కుమావూన్‌లోనూ అటవీశాఖ చలికాలంలో తానే ఆకు కాల్పించడం మొదలుపెట్టింది. శాఖ కాల్పిస్తే శాస్త్రం, రైతు కాలిస్తే నేరం! చట్టం అదుపు చేసింది నిప్పును కాదు, నిప్పు పట్టిన చేతిని అన్న సంగతి ఇక్కడ బయటపడుతుంది.

ఇక 1921కి వద్దాం. ఆ జనవరిలో బాగేశ్వర్‌లో ఉత్తరాయణి తిరునాళ్ళ జరిగింది. బద్రీదత్ పాండే వంటి నాయకుల పిలుపు మీద ఊరి పెద్దలు వెట్టి చాకిరి రిజిస్టర్లను తెచ్చి సరయూ నదిలో పారవేశారు. దొరల సామాన్లు మోసే వెట్టి ఆ దెబ్బతో పోయింది. ఆ వేసవిలో అడవులు అంటుకున్నాయి. దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు కాలిపోయాయి. జిగురు తీసే ఏర్పాట్లు, నిల్వ చేసిన జిగురు బూడిదయ్యాయి. వెర్రి జనం అడవిని తగలబెట్టారని అధికారులు అన్నారు. ఈ ఘట్టాన్ని పరిశోధించిన చరిత్రకారుడు రామచంద్ర గుహ ఒక ముఖ్య విషయం గుర్తించాడు. కాలినవి సర్కారు వ్యాపారం చేసుకునే పైన్ అడవులు. రైతుకు మేతా నీరూ ఇచ్చే ఓక్ అడవులు కూడా సర్కారు అధీనంలోనే ఉన్నా, అవి కాలిన దాఖలాలు లేవు. వెర్రితనానికి ఇంత వివేచన ఉంటుందా? ఏది తన బతుకో, ఏది పరాయి లాభమో ఆ రైతుకు స్పష్టంగా తెలుసు.

ఆ మంటల తరువాత సర్కారు కుమావూన్ కమిషనర్ విండమ్ అధ్యక్షతన ఫిర్యాదుల విచారణ సంఘం వేసింది. దాని సిఫారసుల మీద రిజర్వు అడవులను రెండు తరగతులు చేశారు. వ్యాపార విలువ లేనివాటిని రెవెన్యూ శాఖకు ఇచ్చి ఆంక్షలు సడలించారు. విలువ ఉన్నవాటిని అటవీశాఖే ఉంచుకుంది. 1931లో వన పంచాయతుల నియమాలు వచ్చాయి. పల్లె ప్రజలు ఎన్నుకున్న పంచాయతీ తన అడవిని తానే చూసుకోవచ్చునన్నమాట. ఇది దయాదాక్షిణ్యాల వల్ల వచ్చింది కాదు, పోరాడి తెచ్చుకున్నది. ఈనాడు ఉత్తరాఖండ్‌లో 11 వేలకు పైగా వన పంచాయతులున్నాయి.

మరి స్వరాజ్యం వచ్చాక ఏమయింది? 1927 నాటి అటవీ చట్టం అలాగే నిలిచింది. దాని 26వ సెక్షన్ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేస్తుంది. బుద్ధిపూర్వకంగా గాని, తీవ్రమైన అజాగ్రత్త వల్ల గాని మంట వస్తే, ఆ అడవిలో మేపుకునే, ఏరుకునే హక్కులన్నిటినీ నిలిపివేసే అధికారం అదే సెక్షన్ ప్రభుత్వానికి ఇస్తుంది. ఒకడు చేసినదానికి ఊరంతటికీ శిక్ష పడవచ్చు. 79వ సెక్షన్ ప్రకారం మంట వస్తే హక్కుదారులు వచ్చి ఆర్పాలి. ఆర్పే బాధ్యత రైతుది, అడవి మీద అధికారం శాఖది. వన పంచాయతుల మీద కూడా 2001 నియమాలు అటవీశాఖ పెత్తనాన్ని పెంచాయి. 1973లో మండల్‌లోనూ, 1974లో రేణీలోనూ చెట్లను కౌగిలించుకొని కాపాడిన చిప్కో జనం అడిగింది ఈ పెత్తనం పోవాలనే. వేయి మీటర్లకు పైన ఉన్న కొండల్లో వ్యాపారపు నరుకుడు మీద 1981లో నిషేధం వచ్చింది. అడవి మీద అధికారం మాత్రం రాలేదు.

ఫలితం మన కళ్ళముందే ఉంది. 2016 వేసవిలో ఉత్తరాఖండ్‌లో 4 వేల హెక్టార్లకు పైగా అడవి కాలింది. వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్ళు పోశాయి. 2024 మే నెలలో అల్మోరా జిల్లాలో జిగురు తీయడానికి నేపాలు నుంచి వచ్చిన కూలీలు మంటల్లో చిక్కి మరణించారు. జూన్‌లో ఆ జిల్లాలోనే బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయిన నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. వారిలో రోజుకూలీ మీద పనిచేసేవారూ ఉన్నారు. అడవి లాభం ఎవరికి పోయినా, మంటకు ఎదురు నిలిచేది కూలివాడే.

ఈ పొరపాటు మనదేశానిది మాత్రమే కాదు. అమెరికాలో 1910 ఆగస్టులో ఇడాహో, మోంటానా ప్రాంతాల్లో రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలి 80 మందికి పైగా మరణించారు. అప్పటినుంచి వారి అటవీశాఖ మంట అన్నదే ఉండకూడదన్నది. మంట కనబడిన మర్నాడు ఉదయం 10 గంటలలోగా ఆర్పాలని 1935లో నియమం పెట్టింది. ఏటా కాలవలసిన ఎండాకు అనేక అడవుల్లో దశాబ్దాల తరబడి పేరుకుంది. 1978లో ఆ నియమాన్ని విడిచిపెట్టారు. కాలిఫోర్నియా 1850లోనే ఆదివాసుల గడ్డి దహనాన్ని నేరం చేసింది. ఆ రాష్ట్రమే 2021లో, జాగ్రత్తగా దహనం చేసే ఆదివాసులకు నష్టపరిహారపు భయం తగ్గించే చట్టం చేసింది. నేరమన్నదాన్ని నేర్పు అని ఒప్పుకోవడానికి 171 సంవత్సరాలు పట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పల్లెవాళ్ళ నిప్పంతా మంచిదేనా? కాదు. మన అడవుల్లో ఇప్పపువ్వు ఏరడానికీ, తునికాకు బాగా చిగురించడానికీ మార్చి ఎండల్లో పెట్టే మంటలు అదుపు తప్పుతున్నాయి. ఆకు కొనే వ్యాపారి లాభం కూడా ఆ మంటల వెనక ఉంది. కుమావూన్‌లో పడుచువాళ్ళు పనికోసం మైదానాలకు పోయారు; ఆకు ఎత్తే చేతులు లేవు. చలికాలపు వానలు తప్పి, ఎండలు ముదిరి ముప్పు పెరిగింది. నూరేళ్ళ కిందటి పద్ధతిని ఉన్నదున్నట్టు తిరిగి తెస్తే సరిపోదు. కాని చేతులు నరికినవారే 'వీళ్ళకు పని రాదు' అనడం న్యాయం కాదు.

కర్ణాటకలో బిళిగిరి రంగని కొండల సోలిగలు చలి వెళ్ళీ వెళ్ళకముందే ఎండాకు మీద పలచని మంట పెట్టేవారు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. 1970లలో అది అభయారణ్యమయ్యాక ఆ మంట ఆగింది. తరువాత లంటానా పొదలు అడవిని కమ్ముకున్నాయి, వేసవి మంటలు పెరిగాయి అని సోలిగలు చెబుతారు. అక్కడ పనిచేసిన పరిశోధకులూ ఈ మాటను తేలికగా తీసుకోలేదు. అటవీహక్కుల చట్టం కింద 2011లో ఆ సోలిగలకు సామూహిక హక్కులు వచ్చాయి.

ఆ చట్టం 2006లో వచ్చింది. సామూహిక అడవిని కాపాడుకొని నిర్వహించుకునే హక్కును అది గ్రామసభకు ఇచ్చింది. పల్లెలను మంటల నుంచి కాపాడే పని అక్కడ మొదలవ్వాలి. ఊరి చుట్టూ ఎండాకు ఎప్పుడు, ఎక్కడ కాల్చాలో శాఖతో కలిసి గ్రామసభ నిర్ణయించాలి. ఆకు ఎత్తినవారికి కూలి ముట్టాలి. పైన్ ఆకును కిలో 50 రూపాయలకు కొంటామని 2024లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం ప్రకటించింది, అది ప్రకటనగా మిగలకూడదు. ఊటల దగ్గర బాంజ్ మొలకలకు మంట తగలకుండా కాపలా ఉండాలి. మంటలార్పే కూలీకి ఏడాది పొడుగునా పని, ప్రమాదానికి బీమా ఉండాలి. ఇవేవీ హెలికాప్టర్ కన్న ఖరీదైనవి కావు. కావలసింది అధికారాన్ని పంచుకునే మనసు.

1921లో కొండ రైతు ఏ అడవిని కాల్చాడో చూశాం, ఏ అడవి జోలికి పోలేదో చూశాం. తనదనుకున్న అడవిని అతడు కాల్చలేదు. పిల్లవాడి ప్రశ్నకు నేను తరగతిలో చెప్పలేకపోయిన జవాబు ఇందులో కొంత ఉందనుకుంటాను. అడవిలో ఉన్నవాళ్ళు ఏ తప్పూ చేయలేదు. ఆ అడవి ఎవరిదో నిర్ణయించేటప్పుడు వాళ్ళను ఎవరూ అడగలేదు.