అడవి యాత్రకు బ్రిడ్జ్ కెమెరా: కొనేముందు చూసుకోవలసినవి

డిసెంబరు సెలవులు దగ్గరపడుతున్నాయంటే మా సంఘానికి వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: "కబిని వెళ్తున్నాం, కెమెరా ఏది కొనమంటారు?" అడిగేవారిలో ఎక్కువమంది మా వయసువారే. ఉద్యోగం ముగిసి, పిల్లలు ఒక దారిన పడ్డాక, ఇప్పటికైనా నాలుగు చోట్లు చూద్దామని బయలుదేరేవారు. పింఛను డబ్బులోంచి తీసే మొత్తం చిన్నది కాదు, తప్పు కెమెరా కొంటే అది బీరువాలో పడి ఉంటుంది. అందుకని మైసూరులో మా సభ్యులు యాత్రల్లో తెలుసుకున్నదంతా ఒకచోట రాసి పెడుతున్నాం.

ముందుగా సారాంశం చెప్పేస్తాం. పెట్టె మీద ఉన్న జూమ్ అంకె చూసి కొనకండి. వెళ్ళే చోట జంతువు ఎంత దూరంలో కనబడుతుంది, ఆ వేళకు వెలుతురు ఎంత ఉంటుంది, ఆ బరువును మీ చెయ్యి ఎంతసేపు మోయగలదు, ఈ మూడూ చూసి కొనండి.

బ్రిడ్జ్ కెమెరా అంటే

బ్రిడ్జ్ అంటే వంతెన. జేబులో పట్టే చిన్న కెమెరాకూ, లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాకూ నడుమ ఉంటుంది కాబట్టి ఆ పేరు. లెన్సు దానికే బిగించి ఉంటుంది, విడదీయలేం. దగ్గరి గుంపు ఫోటో నుంచి దూరపు కొమ్మమీది పిట్ట దాకా ఆ ఒక్క లెన్సుతోనే తీయవచ్చు. లెన్సులు మార్చే కెమెరాకు 600 మి.మీ. దాకా వెళ్ళే జూమ్ లెన్సు ఒక్కటే సుమారు 2 కిలోలు తూగుతుంది. బ్రిడ్జ్ కెమెరా మొత్తం కలిపి 600 గ్రాముల నుంచి కిలోన్నర లోపే. జీపు ఎక్కి దిగవలసిన అరవై దాటినవారికి ఈ తేడా పెద్దది.

ఫోను చాలదా అని కొందరు అడుగుతారు. పడవ పక్కనే ఉన్న మొసలికి చాలుతుంది, చెట్టు చివర ఉన్న పిట్టకు చాలదు. పైగా తాడోబా వంటి పులుల అభయారణ్యాల్లో సఫారీలో మొబైల్ ఫోను వాడనివ్వరు. అక్కడ విడిగా కెమెరా ఉండాల్సిందే.

జూమ్ అంకె చెప్పేదేమిటి

దుకాణంలో 50, 60, 83, 125 అని అంకెలు చెబుతారు. అది లెన్సు బాగా వెడల్పుగా చూసే స్థితికీ, బాగా దూరం చూసే స్థితికీ ఉన్న నిష్పత్తి మాత్రమే. సోనీ హెచ్ఎక్స్400వి లెన్సు 24 నుంచి 1200 మి.మీ., అంటే 50 రెట్లు. పానసోనిక్ ఎఫ్‌జెడ్82 లెన్సు 20 నుంచి 1200 మి.మీ., అంటే 60 రెట్లు. రెండూ దూరాన్ని ఒకేలా దగ్గరికి తెస్తాయి. రెండోది వెడల్పు వైపు కాస్త ఎక్కువ చూస్తుంది, అంతే. కాబట్టి రెట్లు అడగకండి, చివరి మి.మీ. అంకె అడగండి.

డిజిటల్ జూమ్ అని ఇంకొకటి ఉంటుంది. అది తీసిన బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే, ఆ పని ఇంటికొచ్చాక కంప్యూటర్లోనూ చేసుకోవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, మెనూలో ఆపేసి ఉంచండి.

దూరం లెక్క

జంతువు మీకు 50 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఫోటోలో పట్టే వెడల్పు సుమారుగా ఇలా ఉంటుంది:

600 మి.మీ. దగ్గర 3 మీటర్లు
1200 మి.మీ. దగ్గర ఒకటిన్నర మీటరు
2000 మి.మీ. దగ్గర 90 సెంటీమీటర్లు
3000 మి.మీ. దగ్గర 60 సెంటీమీటర్లు

ఏనుగుల గుంపు తీయాలంటే 600 మి.మీ. కూడా ఎక్కువే. పులి, కణితి, అడవిదున్న వంటివి జీపు బాటకు దగ్గరలో కనబడితే 600 సరిపోతుంది. లకుముకి పిట్ట దూరంగా కూర్చుంటే మాత్రం 1200 నుంచి 2000 దాకా కావాలి. 3000 మి.మీ. చంద్రుణ్ణి తీయడానికి ముచ్చటగా ఉంటుంది. పగటిపూట నీటిమీద, పొలాలమీద అంత దూరం చూస్తే నడుమ గాలి ఎండకు కదులుతూ బొమ్మను మసక చేస్తుంది. ఎంత మంచి లెన్సయినా దాన్ని దాటలేదు.

వెలుతురు లెక్క

సఫారీలు తెల్లవారుజామునా, సాయంత్రమూ నడుస్తాయి. జంతువులు బయటికొచ్చేదీ అప్పుడే. అంటే వెలుతురు తక్కువున్న వేళలోనే మనకు పని. ఇక్కడ రెండు విషయాలు చూడాలి.

మొదటిది సెన్సార్, అంటే వెలుతురును పట్టే పలక. ఎక్కువ బ్రిడ్జ్ కెమెరాల్లో ఇది చిన్నది, సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. కొన్నింటిలో 'ఒక అంగుళం' అని పిలిచే పెద్ద పలక ఉంటుంది. దాని కొలత 13.2, 8.8 మి.మీ. వైశాల్యంలో ఇది నాలుగు రెట్లు.

రెండోది లెన్సు నోరు. దీన్ని ఎఫ్ అంకెతో చెబుతారు. అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది. ఎఫ్/4 లో వచ్చే వెలుతురులో ఎఫ్/8 లో వచ్చేది నాలుగో వంతే. పెట్టె మీద రెండు ఎఫ్ అంకెలుంటే, పూర్తి జూమ్ దగ్గర వర్తించేది రెండోది. మీకు కావలసింది అదే.

రెండూ కలిపి చూడండి. సోనీ ఆర్ఎక్స్10 IV పూర్తి జూమ్ (600 మి.మీ.) దగ్గర ఎఫ్/4, పెద్ద పలక. నికాన్ పి950 పూర్తి జూమ్ (2000 మి.మీ.) దగ్గర ఎఫ్/6.5, చిన్న పలక. పలకకు అందే వెలుతురులో తేడా పది రెట్ల దాకా వస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు వెదురు నీడలో నిలబడ్డ పులిని తీస్తే, మొదటిదానిలో చారలు తేటగా వస్తాయి, రెండోదానిలో రవ్వరవ్వగా వస్తాయి. ఎండలో చెరువు గట్టు మీద నిలబడి పిట్టను తీస్తే రెండోదే గెలుస్తుంది.

చెయ్యి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఈ కెమెరాలన్నింటిలో ఉంది. అది మన చేతి వణుకుకే పనిచేస్తుంది, జంతువు కదలికకు పనిచేయదు. నడిచే ఏనుగుకు షట్టర్ వేగం సెకనులో 250వ వంతైనా, ఎగిరే పక్షికి 1000వ వంతైనా ఉండాలి. ఆ వేగానికి వెలుతురు కావాలి. తిరిగి తిరిగి లెక్క వెలుతురు దగ్గరికే వస్తుంది.

ఏ చోటికి ఏది

మన పాఠకులు ఐదు ప్రాంతాల్లో ఉన్నారు, ఎవరి దగ్గరి చోటు వారిది.

కర్ణాటకవారికి: రంగనతిట్టులో పడవను తెడ్లతో నడుపుతారు, పక్షుల దగ్గరికే వెళ్తుంది. 400 నుంచి 600 మి.మీ. చాలు. కబిని, బండీపుర సఫారీలకు 600 మి.మీ., మంచి వెలుతురు పట్టే లెన్సు ముఖ్యం.

తమిళనాడువారికి: వేడంతాంగల్‌లో గట్టు మీద నడుస్తూ చెరువులోని చెట్లమీది పక్షులను చూడాలి. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను సూళ్ళూరుపేట, శ్రీహరికోట రోడ్డు మీంచి చూడవచ్చు, కానీ అవి దూరంగానే ఉంటాయి. రెండు చోట్లా 1200 మి.మీ., ఆపైన పనికొస్తాయి.

ఒడిశావారికి: బరంపురం నుంచి వెళ్ళేవారికి చిలికా ఒడ్డునే మంగళాజోడి ఉంది. నాటుపడవను గడతో నెడతారు, పక్షులు దగ్గరగా కనబడతాయి. 600 మి.మీ. హాయిగా చాలుతుంది.

మహారాష్ట్రవారికి: చంద్రాపురం, బల్లార్షా తెలుగువారికి తాడోబా ఉంది. అక్కడ 600 మి.మీ., పెద్ద పలక మంచిది. సోలాపూరువారికి పుణె దారిలోని భిగ్వాన్ ఉంది. ఉజని జలాశయం వెనుక నీళ్ళలో ఫ్లెమింగోలకు 1200 మి.మీ. దాకా ఉంటే మేలు.

యానాంవారికి: కోరింగ మడ అడవి పక్కనే. చెట్ల నీడ ఎక్కువ, పక్షులు దగ్గర. దూరం చూసే శక్తికన్నా వెలుతురు పట్టే శక్తి ముఖ్యం.

మోడళ్ళు ఒక చూపులో

నికాన్ పి1000: 24 నుంచి 3000 మి.మీ., చివర ఎఫ్/8, 1415 గ్రాములు. చేతితో పట్టి తీయడం కష్టం. 2025లో వచ్చిన పి1100 లెన్సు కూడా ఇంతే.
నికాన్ పి950: 24 నుంచి 2000 మి.మీ., చివర ఎఫ్/6.5, సుమారు కిలో. పగటి పక్షులకు మంచిది.
కానన్ ఎస్ఎక్స్70 హెచ్ఎస్: 21 నుంచి 1365 మి.మీ., చివర ఎఫ్/6.5, సుమారు 610 గ్రాములు. తేలిక.
పానసోనిక్ ఎఫ్‌జెడ్82: 20 నుంచి 1200 మి.మీ., చివర ఎఫ్/5.9, సుమారు 616 గ్రాములు. వ్యూఫైండర్ చిన్నది. 2024లో వచ్చిన ఎఫ్‌జెడ్82డి లో అది మెరుగైంది.
పానసోనిక్ ఎఫ్‌జెడ్300: 25 నుంచి 600 మి.మీ., మొదటినుంచి చివరిదాకా ఎఫ్/2.8, 691 గ్రాములు. దుమ్మును, చినుకులను తట్టుకుంటుంది.
సోనీ ఆర్ఎక్స్10 IV: 24 నుంచి 600 మి.మీ., చివర ఎఫ్/4, పెద్ద పలక, 1095 గ్రాములు. వెలుతురు తగ్గినప్పుడు వీటిలో మేటి, ఖర్చూ ఎక్కువే.

ఎఫ్‌జెడ్300 లో 12 మెగాపిక్సెళ్ళే ఉన్నాయని తక్కువగా చూడకండి. 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉన్న ఫోటో చక్కగా అచ్చు వేయడానికి 9 మెగాపిక్సెళ్ళు చాలు. సోనీ ధర పెట్టలేనివారు సఫారీకి దీన్ని చూడవచ్చు. వీటిలో కొన్ని పాత మోడళ్ళు, అన్నీ కొత్తవి దొరకవు. ఏది దొరికినా పైన చెప్పిన లెక్కలతోనే పోల్చుకోండి.

కొనేటప్పుడు

మీ మెమొరీ కార్డు వెంట తీసుకెళ్ళండి. దుకాణం గుమ్మంలో నిలబడి, ఎదుటి వీధి బోర్డును పూర్తి జూమ్‌తో తీసి, ఇంటికొచ్చి పెద్దది చేసి చూడండి. కెమెరాను ఐదు నిమిషాలు కంటి దగ్గర పట్టుకుని నిలబడండి. మెడ, మణికట్టు చెప్పే జవాబు అమ్మేవాడు చెప్పే జవాబుకన్నా నిజం.

కళ్ళద్దాలవారు వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి చూడాలి. చాలామందికి అద్దాలు తీసి చూసినా అక్షరాలు తేటగా కనబడతాయి. ఎండలో వెనుక తెర కనబడదు కాబట్టి వ్యూఫైండర్ లేని కెమెరా అసలు వద్దు.

బాగా జూమ్ చేసినప్పుడు పక్షి చట్రంలోంచి తప్పిపోతుంది. పి950, పి1000 లలో ఒక మీట నొక్కితే దృశ్యం వెడల్పవుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరవుతుంది. కానన్‌లోనూ ఇలాంటిదే ఉంది. దుకాణంలోనే అలవాటు చేసుకోండి.

అమెరికా నుంచి పిల్లలు తెస్తామంటే ముందు వారంటీ సంగతి అడగండి. వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం. పేర్లు కూడా మారతాయి, అక్కడ ఎఫ్‌జెడ్80 అని అమ్మినదీ, ఎఫ్‌జెడ్82 ఒకటే. ఇక్కడ కొంటే జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు తీసుకోకుండా గుమ్మం దాటవద్దు. ఏడాదికి ఒక్క యాత్రే అయితే అద్దెకు తీసుకోవడం, రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకటి కొనుక్కోవడం కూడా మంచి దారులే. మా సభ్యుల్లో రెండోది బాగా నడుస్తోంది.

బయలుదేరే ముందు, అడవిలో

ఒక బ్యాటరీ అదనంగా ఉంచుకోండి. పి1000 ఒక ఛార్జింగుకు సుమారు 250 ఫోటోలు, పి950 సుమారు 290 ఫోటోలు తీస్తుంది. విమానంలో వెళ్తే అదనపు బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి.

జీపులో ముక్కాలి పీట పనికిరాదు. చిన్న గుడ్డసంచిలో బియ్యమో శనగలో నింపి, జీపు కడ్డీ మీద పెట్టి, దానిమీద కెమెరా ఆనించండి. అంతకన్నా చవకైన ఉపాయం లేదు.

ఫ్లాష్, బీప్ శబ్దం, ముందు వెలిగే ఫోకస్ దీపం మూడూ ఇంట్లోనే ఆపేయండి. గూళ్ళ దగ్గరికి పడవను పోనివ్వమని పడవవాణ్ణి ఒత్తిడి చేయవద్దు. కొన్ని చోట్ల కెమెరాకు లెన్సు పొడవును బట్టి విడి రుసుము ఉంటుంది, ముందే కనుక్కోండి.

చిలికా, చెన్నై, యానాం వంటి తీరపు ఊళ్ళలో తేమకు లెన్సులో బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కెమెరాను దాచండి. వారానికొకసారి తీసి వాడితే ఇంకా మంచిది.

చివరగా మా సంఘం మనవి. తీసిన ఫోటోలకు తెలుగు పేర్లు రాయండి. కర్ణాటక, ఒడిశా, తెలంగాణ మూడింటికీ రాష్ట్రపక్షి పాలపిట్టే. దసరానాడు దాన్ని చూడాలని మన పెద్దలు వెతికేవారు. మన పిల్లలు బడిలో దాని పేరు వేరే భాషలో నేర్చుకుంటారు, అది అవసరమే. పాలపిట్ట, గూడబాతు, లకుముకి అన్న పేర్లు మాత్రం మన ఇంట్లోనే నేర్చుకోవాలి. మంచి ఫోటో కింద ఆ పేరు రాసి గోడకు పెడితే, మనం చెప్పకుండానే వాళ్ళు చదువుతారు.