వంత: తెలుగు ఉద్యమగీతంలో రాజకీయం, మనోవేదన

తెలుగులో 'వంత' అనే మాటకు నిఘంటువులు రెండు అర్థాలు చెబుతాయి. ఒకటి దుఃఖం, పరితాపం; కావ్యభాషలో కనిపించే అర్థం ఇది. రెండవది, ఒకరు పాడుతుండగా పక్కనున్నవారు ఆ చరణాన్ని అందుకొని తిరిగి పాడటం. వంతపాట, వంతపాడటం అనే వాడుకలు దీనికి సంబంధించినవి. ఈ రెండు మాటలకూ పుట్టుకలో చుట్టరికం ఉన్నా లేకపోయినా, గడచిన నూరేళ్ళ తెలుగు ఉద్యమగీత చరిత్రను పరిశీలిస్తే రెండర్థాలూ ఒక్కచోట కలుసుకున్నట్లు కనిపిస్తుంది. ఒక గొంతులో మొదలైన వంతను పది గొంతుల వంతగా మార్చడమే ఆ పాట చేసిన ప్రధానమైన పని. ఆ మార్పు ఏ రూపాలలో, ఎవరి చేతులమీదుగా జరిగిందో, ఎక్కడ అది చాలకుండా పోయిందో తెలుసుకుంటే, రాజకీయమూ మనోవేదనా తెలుగు పాటలో ఏనాడూ వేరువేరు గదులలో కాపురం చేయలేదన్న సంగతి బోధపడుతుంది.

మానసిక ఆరోగ్యం అనే పదబంధం తెలుగులోకి ఇటీవల వచ్చినదే అయినా, దానికి సంబంధించిన అనుభవాలకు పల్లెభాషలో పేర్లు కొదవ లేదు. దిగులు, బెంగ, గుబులు అందరికీ తెలిసినవి కాగా, తెలంగాణలో 'రంది', 'మనాది' అనే మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. తెగని ఆలోచనతో లోలోపల కుమిలిపోవడం రంది. ఆ రంది ముదిరి తిండీ నిద్రా మాన్పించి మనిషిని మంచాన పడవేస్తే అది మనాది. సంస్కృతంలో ఆధి అంటే మనసుకు కలిగే బాధ, వ్యాధి అంటే శరీరానికి కలిగే బాధ; 'ఆధివ్యాధులు' అనే జంటపదం ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టింది. రంది ఎవరికి చెప్పుకోవాలి అన్న ప్రశ్నకు పల్లె ఇచ్చిన జవాబులలో పాట ఒకటి. బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీలలో ఒకరు చరణం ఎత్తుకోగా మిగిలినవారు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో అందుకుంటారు. ఆ నడకలోనే అత్తవారింటి ఆరళ్ళూ పుట్టింటి మీది బెంగా బయటపడతాయి. చావు జరిగిన ఇంట స్త్రీలు పోయినవారిని వరుసపెట్టి పిలుస్తూ, వారి మంచినీ తమ దిక్కులేనితనాన్నీ రాగంతో చెప్పుకుంటూ పెట్టే శోకాలది కూడా ఇదే తీరు. వరుసపెట్టి పిలవడం, పక్కవారు అందుకోవడం అనే ఈ రెండు లక్షణాలనూ తరువాతి కాలపు ఉద్యమ కవులు పల్లె నుంచి యథాతథంగా తెచ్చుకున్నారు.

ఆధునిక రాజకీయగీతం, అంటే పాలకుల విధానాన్నో సమాజపు వ్యవస్థనో ప్రశ్నించి జనాన్ని కూడగట్టే పాట, ఆంధ్రదేశంలో 1920 దశకం తొలినాళ్ళలో గరిమెళ్ళ సత్యనారాయణ రచించిన 'మాకొద్దీ తెల్లదొరతనము'తో ఇంటింటికీ చేరింది. ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. పరాయి పాలన వల్ల కలిగే అవమానాన్ని ఆ పాట 'మా' అనే బహువచనంలో చెప్పింది. అయితే ఆ 'మా'లో ఎవరెవరు ఉన్నారన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. రాజమహేంద్రవరానికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అనే గీతంతో, తెల్లదొర వెళ్ళిపోయినా ఊరిలోని అంటరానితనం పోదని గుర్తుచేశాడు. దాదాపు ఒకే పల్లవిని మాట మార్చి ఎదురుగా నిలబెట్టిన ఈ రెండు గీతాలు తెలుగు ఉద్యమగీతానికి తొలి పాఠం చెప్పాయి: అవమానం అందరిదీ ఒకటి కాదు కనుక, ఒకరి బాధను మరొకరు ఎత్తుకొని పాడినంత మాత్రాన అది తీరిపోదు. జాతి బాధను పాడిన గరిమెళ్ళ సొంత బతుకు మాత్రం పేదరికంలో, అనారోగ్యంలో గడచి 1952లో మద్రాసులో ముగిసింది.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి పాటను వ్యక్తి చేతినుంచి దళం చేతికి మార్చింది. ఆ సంస్థ ఎన్నుకున్న ప్రధాన రూపం బుర్రకథ. భుజాన తంబురా, చేతి వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలతో కథకుడు నడుమ నిలుస్తాడు. ఇరువైపులా డక్కీలు పట్టుకొని ఇద్దరు వంతలు ఉంటారు. వీరిలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. కథలో కరుణరసం బరువెక్కి ప్రేక్షకుల కళ్ళు చెమర్చే వేళకు హాస్యపు వంత ఒక మాట విసిరి ఊపిరి తీసుకోనిస్తాడు. ఆ వెంటనే రాజకీయపు వంత, పాతకాలపు కథలోని అన్యాయం నేటి ఊరిలో ఎవరి రూపంలో తిరుగుతున్నదో ఎత్తిచూపుతాడు. ఏడ్చే మనసును నవ్వించి, నవ్విన మనసును ఆలోచింపజేసే ఈ ఏర్పాటు ప్రదర్శన నిర్మాణంలోనే ఉన్నది కాబట్టి, బుర్రకథలో రాజకీయం పైనుంచి అతికించిన ఉపన్యాసంలా ఉండదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) ఈ రూపానికి కొత్త జవజీవాలు ఇచ్చాడు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో పాటు బెంగాల్ కరువునూ ఆయన బుర్రకథగా చెప్పాడు. ఎన్నడూ చూడని దూరప్రాంతపు ఆకలిని తెలుగు పల్లెవాసి తన ఇంటి చావుగా భావించి కంటతడి పెట్టడానికి ఆ దరువూ ఆ వంతలే కారణం. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

నైజాం ప్రాంతంలో 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం రెండు భిన్నమైన మనఃస్థితుల పాటలను ఇచ్చింది. గొల్లసుద్దులు వంటి జానపద రూపాలను పోరాటానికి మలచిన సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' దొర పశువులు కాసే పసివాడిని వరుసగా ప్రశ్నిస్తూ సాగుతుంది. జీతగాడు, అంటే ఏడాది కూలికి దొర ఇంట కట్టుబడిన పనివాడు, తన బాధను తాను చెప్పుకోలేడు. చెప్పుకొనే వయసు ఆ పిల్లవాడికి రాలేదు, చెప్పినా వినే దిక్కు లేదు. అందుకే కవి తానుగా తీర్పు చెప్పకుండా, తల్లో అన్నో అడిగినట్లు ఒక్కొక్కటే అడుగుతాడు. ఆ అడగడంలోనే వెట్టి వ్యవస్థ మొత్తం వినేవారి కళ్ళముందు నిలుస్తుంది. బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. నైజాం ప్రభువును ఏకవచనంతో నిలదీసి, ఎగతాళి చేసి, తరతరాల భయాన్ని మనసులోంచి తరిమివేయడం దాని లక్ష్యం. మొదటిది దాచుకున్న దుఃఖాన్ని తవ్వి తీసింది, రెండవది అలవాటైన భయాన్ని వదిలించింది. ఈ రెండింటినీ గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మాభూమి' చిత్రం తరువాతి తరానికి అందించింది.

శ్రీకాకుళ గిరిజన రైతాంగ ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ అనే జానపద రూపాన్ని ఆయుధంగా చేసుకున్నాడు. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో మరణించాడు. 1972లో ఏర్పడిన విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలి కాలానికి పాటలో చావు నిత్యవిషయమైంది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, స్వాతంత్ర్య పోరాటకాలపు గదర్ పార్టీ స్మృతితో గద్దర్‌గా పేరుపడి, గోచీ గొంగడితో, చేతికర్రతో, డప్పు దరువుతో ఆ సంస్థకు గొంతు అయ్యాడు. చనిపోయిన కార్యకర్తను తల్లి పిలిచినట్లు, చెల్లి పిలిచినట్లు పాడటం ఆయన పద్ధతి. ఇంటి ఆడవారి శోకం ఆ విధంగా బహిరంగ సభకు వచ్చి, వేలాదిమంది అందుకొనే పల్లవిగా మారింది. దుఃఖాన్ని ఆపుకోమని ఆ పాట చెప్పలేదు. ఏడ్వనిచ్చి, ఆ ఏడుపు చివర కారణం పేరు చెప్పింది. విధిరాత అనుకున్నదానికి కర్తలు ఉన్నారని తెలిసినప్పుడు రందిలోని నిస్సహాయత కొంత తగ్గి, ఆ స్థానంలో కోపం చేరుతుంది. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' చిత్రంలోని అన్నాచెల్లెళ్ళ పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తిరస్కరించాడు. 1997 ఏప్రిల్ 6న తనపై జరిగిన కాల్పుల్లో శరీరంలోకి దిగిన తూటాలలో ఒకటి వెన్నులోనే మిగిలిపోగా, 2023 ఆగస్టులో మరణించేవరకు దానితోనే పాడాడు. ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు ఇదే కాలంలో 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' వంటి పాటలతో, పోరాటపు పిలుపును జతగాళ్ళ మధ్య ముచ్చటలా చెప్పగలిగాడు.

1991 తరువాతి ఆర్థిక సంస్కరణల కాలంలో పల్లెకు వచ్చిన కష్టానికి ఎదురుగా నిలదీయడానికి దొర లేడు, తిట్టడానికి సర్కారు మనిషీ కనిపించలేదు. చేతివృత్తి ఏ ఒక్కరూ లాక్కోకుండానే చేజారింది. 2002లో విడుదలైన 'కుబుసం' చిత్రం ద్వారా ఊరూరా వినిపించిన గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' ఈ స్థితికి మాట కట్టింది. అందులో ఏడ్చేది ఏ ఒక్క మనిషో కాక ఊరే. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, సాలెల మగ్గం ఒక్కొక్కటిగా మూగబోవడాన్ని కవి ఇల్లిల్లూ తిరిగి చూపిస్తాడు; శత్రువు కళ్ళకు కనిపించని కుట్రగా మిగులుతాడు. పని పోయినవాడి మనాది తన చేతకానితనం వల్ల వచ్చినది కాదని, ఇరుగుపొరుగు వాకిళ్ళలోనూ అదే ఉన్నదని చెప్పడం ఆ పాట చేసిన మేలు.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అంటే ఆటపాటల ఉద్యమసభ, ప్రత్యేక తెలంగాణ రాష్ట్ర ఉద్యమానికి పాటను ఊపిరిగా చేసింది. కానీ 2009 చివరి నుండి ఎందరో యువకులు తమ ప్రాణాలు తామే తీసుకున్నప్పుడు ఆ పాట ఒక సంకటంలో పడింది. పోయినవారిని అమరులుగా కొనియాడటం ఉద్యమధర్మం. అయితే ఆ కొనియాడటమే, నిరాశలో ఉన్న మరో యువకుడికి చావును దారిగా చూపే ప్రమాదం ఉంది. బతికి కొట్లాడాలని వేదికలమీది నుంచి పిలుపులు వచ్చినా, శోకగీతానికే జనం ఎక్కువగా కరిగిపోయారు. మిట్టపల్లి సురేందర్ రచించిన, రాతిబొమ్మలోని శివుడిని సంబోధిస్తూ సాగే పాట ఆ రోజులలో విస్తృతంగా వినిపించింది. దశాబ్దాలుగా దొరనూ సర్కారునూ నిలదీసిన ఉద్యమగీతం ఇక్కడ మళ్ళీ దేవుడిని నిలదీయడం గమనార్హం. బిడ్డ తనంతట తాను వెళ్ళిపోయిన ఇంట, రాజకీయ కారణం ఎంత సత్యమైనా తల్లి ప్రశ్నకు అది పూర్తి జవాబు కాలేకపోయింది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత పాట స్థానం మారింది. ధూంధాం గాయకుడు రసమయి బాలకిషన్ 2014లో శాసనసభ్యుడయ్యాడు, గోరటి వెంకన్న 2020లో శాసనమండలికి వెళ్ళాడు, బడికి వెళ్ళని పశుల కాపరిగా పెరిగిన అందెశ్రీ రాసిన 'జయజయహే తెలంగాణ' 2024లో రాష్ట్రగీతమైంది. రాష్ట్రగీతానికి అందరూ లేచి నిలబడతారు, అందరూ ఒకేసారి పాడతారు. అందులో పిలిచేవారూ అందుకొనేవారూ అనే విభజన ఉండదు. మరోవైపు నేటి జానపద గీతం స్టూడియోలో తయారై, కోరస్ గొంతులతో సహా సెల్‌ఫోన్‌లోకి వస్తోంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని వినే మనిషికి వంతపాట లోపల వినిపిస్తుంది. అతని వంతను అందుకొనే గొంతు మాత్రం పక్కన ఉండదు.