ధనంబోడు: ధనం ఎవరిది?

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళినప్పుడల్లా ధనంబోడు దగ్గర ఆగుతాను. పేరులోనే ధనముంది. 1882లో బర్జెస్ తవ్విస్తే బయటపడింది మాత్రం నిధి కాదు, బౌద్ధ స్తూపం. దాని తూర్పు ద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలు నిలిపినవాడు రాజు కాడు, వర్తకుడూ కాడు. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరంలో, సిద్ధార్థుడనే ‘ఆవేశని’, అంటే చేతిపనివాళ్ళ పెద్ద, తన కుటుంబం పేర్లతో సహా ఆ సంగతి రాతిమీద చెక్కించాడు. తండ్రీ ఆవేశనియే.

చేతిపనివాడికి అంత దానమిచ్చే స్తోమత ఎక్కడిది? శాసనం చెప్పదు. నాకు తోచేది యిది: స్తూపాలూ విహారాలూ కట్టినన్నాళ్ళూ నిలకడగా పని వుండేది, దాని ఫలంలో కొంత పనివాడి చేతిలోనే మిగిలేది. అయినా దాన్ని స్వర్ణయుగమనను. రాయి మోసిన కూలీల పేర్లు ఆ స్తంభాలమీద లేవు.

మిగులు ఎవరికి చెందాలన్న ఆ ప్రశ్నే పాత కృష్ణా జిల్లా సముద్రం వైపున, పెడన మగ్గాల దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, మజూరీ యిస్తాడు, గుడ్డ తీసుకుంటాడు, లాభం అతనిది. చేనేత సహకార సంఘమూ అదే పని చేస్తుంది. కాని మిగులు సభ్యులది. అయితే నేసిన గుడ్డ కొనేవాడు లేకపోతే సభ్యత్వం కూడు పెట్టదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది శ్రామికులు సహకారాన్ని దుకాణంతోనే మొదలుపెట్టారు. కొనుగోలు కూడా శ్రామికుల చేతిలోకి రావాలన్నదే అందులోని పాఠం.

మన రాష్ట్రంలో 1976లో ఆప్కో ఏర్పడింది. హాస్టలు దుప్పటి, బడిపిల్లల యూనిఫారం సంఘం మగ్గంమీద నేసినవైతే ప్రజల పన్ను తిరిగి ప్రజల యింటికే చేరుతుంది. కాని ప్రభుత్వ శాఖల బకాయిలు పేరుకుంటే సంఘం నూలు కొనలేదు. నేతగాడు మళ్ళీ మాస్టర్ వీవర్ గడప తొక్కుతాడు. సహకారోద్యమాన్ని కుంగదీసేది శత్రువొక్కడే కాదు, ఆలస్యంగా చెల్లించే మిత్రుడు కూడా.

2022 నుంచి జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలో వున్నాయి. జిల్లా పేరు మారింది. యిక్కడి సున్నపురాయి సిమెంటు బస్తాల్లో తరలిపోవడం మారలేదు. మనం శ్రామికుని చెమటను గురించి చాలా రాశాం. ఆ చెమట ఏ పద్దులో జమ అవుతున్నదో కూడా రాయాలి. సిద్ధార్థుని స్తంభం మనకు చెప్పేదీ, చెప్పకుండా దాచిందీ అదే.