గచ్చిబౌలి చూడని గెలుపు

2022 మార్చి 20 రాత్రి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గెలిచిన చోటు మాత్రం గోవాలోని ఫతోర్దా. కరోనా వల్ల రెండు సీజన్లపాటు మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ఖాళీ స్టాండ్ల మధ్య జరిగాయి. ఫైనల్‌కు జనాన్ని రానిచ్చేసరికి స్టాండ్ల నిండా కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. రెండు జట్లదీ పసుపు రంగే. ఆ రోజు లెక్క ప్రకారం హోమ్ టీమ్ హైదరాబాద్ కాబట్టి పసుపు మనకొచ్చింది, కేరళ నల్ల చొక్కాలతో దిగింది. మైదానంలో పసుపు మనదే, స్టాండ్లలో మాత్రం ఆ పసుపంతా వాళ్లది. హైదరాబాద్ క్లబ్బు బతుకంతా అలాగే గడిచింది.

ఆట మాట చెప్పుకోవాలి. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టాడు. 2014లో, 2016లో ఫైనల్‌దాకా వచ్చి ఓడిన కేరళకు ఈసారైనా కప్పు దక్కుతుందనే అందరూ అనుకున్నారు. 88వ నిమిషంలో, హైదరాబాద్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి బంతిని గాల్లో ఉండగానే తన్నాడు. గోల్! అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. హలిచరణ్ నర్జారీ కొట్టిన దెబ్బతో 3-1. తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవావాళ్లే. సొంత గడ్డపై ఆడి హైదరాబాద్‌కు కప్పు తెచ్చిపెట్టారు. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో టాప్ స్కోరర్‌గా నిలిచిన ఒగ్బెచే నైజీరియావాడు. కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్‌వాడు. మన నగరం ఈ విజయాన్ని టీవీలో చూసింది.

ఒకప్పుడు ఇక్కడ ఫుట్‌బాల్ అంటే టీవీలో చూసేది కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎవరికీ వదల్లేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ రహీం సాబే 1962లో జకార్తాలో భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం సాధించిపెట్టారు. ఆ భారత జట్టులో అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. ఆ తర్వాత ఇక్కడి ఆట మెల్లమెల్లగా క్షీణించింది.

అందుకే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు పాతబస్తీ పెద్దవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ క్లబ్బు పుట్టింది ఇక్కడి మట్టిలోంచి కాదు. పుణెలో మూతబడ్డ జట్టు స్థానంలో దీన్ని నిలబెట్టారు. మొదటి సీజన్‌లో చిట్టచివరి స్థానం, తర్వాత కరోనా. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం అలవాటయ్యేలోపే జట్టు గోవాకు వెళ్లిపోయింది.

కప్పు తర్వాత సీజన్‌లో ఇంటికొచ్చారు. లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. సెమీఫైనల్ రెండు అంచెల్లోనూ గోల్ లేదు, మోహన్‌బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. మనోలో వెళ్లిపోయాడు, ఒగ్బెచే వెళ్లిపోయాడు. ఆ పైన జరిగిందంతా డబ్బు కథ. జీతాల బకాయిలు, ఫిఫా బదిలీ నిషేధం, సీజన్ మధ్యలోనే ఆటగాళ్ల వలస. 2023-24లో మిగిలిన కుర్రాళ్లు 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచారు. ఎనిమిది పాయింట్లు. రెండేళ్ల కిందటి ఛాంపియన్లు అట్టడుగున ఉన్నారు. ఆ పిల్లల తప్పేమీ లేదు, పారిపోకుండా ఆడినందుకు వాళ్లకు దండం పెట్టాలి. తప్పు మొదట్నుంచీ లెక్కల పుస్తకంలో ఉంది. కప్పు కొన్నంత సులువుగా క్లబ్బు నిలబడుతుందని అనుకున్నారు. పిల్లలకు మైదానాలు, ఊళ్లో అభిమానం, నెల తిరిగేసరికి జీతం, ఇవి లేకుండా ట్రోఫీ ఎన్నాళ్లు కాపాడుతుంది?

క్లబ్బు యాజమాన్యం చేతులు మారాక కూడా మరో సీజన్ కింది నుంచి రెండో స్థానంలోనే గడిచింది. 2025లో క్లబ్బును ఢిల్లీకి తరలించారు, పేరు మార్చారు. విచిత్రం చూడండి: 2019లో హైదరాబాద్‌కు జట్టొచ్చిన ఆ ఏడాదే ఢిల్లీ తన జట్టును భువనేశ్వర్‌కు పోగొట్టుకుంది. ఆరేళ్లకు మన జట్టు వాళ్ల ఊరికి చేరింది. దాన్ని ఇక్కడి జట్టని నమ్మిన గచ్చిబౌలి అభిమానులను ఎవరు అడిగారు?

విజేతల జాబితాలో 2021-22 పక్కన హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఉంటుంది. 2025-26 సూపర్ లీగ్‌లో మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క జట్టూ లేదు.