41వ గంట: లైసెన్స్ వచ్చాక పైలట్ ఎక్కడికి ఎగురుతాడు?

ఇవాళ్టి ఎపిసోడ్ విమానాల గురించే, కానీ ఎయిర్‌లైన్స్ గురించి కాదు, ఫైటర్ జెట్‌ల గురించీ కాదు. సొంత డబ్బు పెట్టుకుని, ఒక్క రూపాయి జీతం లేకుండా, కేవలం ఇష్టం కోసం చిన్న విమానం నడిపేవాళ్ల గురించి. వీళ్లని ప్రైవేట్ పైలట్లు అంటారు. అమెరికాలో అయినా, మన దగ్గరైనా, మామూలుగా ఈ లైసెన్స్ రావాలంటే కనీసం 40 గంటలు ఎగరాలి. ఆ 40 గంటల్లో ఏం చెయ్యాలో సిలబస్ చెప్తుంది, పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ చెప్తాడు. పరీక్ష పాసయ్యారు, లైసెన్స్ చేతికొచ్చింది. మరి 41వ గంట ఏం చేస్తారు? ఎక్కడికి వెళ్తారు?

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ సరదా ఫ్లయింగ్ మొదలై వందేళ్లయినా ప్రతి కొత్త పైలట్‌కీ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. బైక్ కొన్నవాడికి ఈ సమస్య రాదు. పాల ప్యాకెట్‌కి కూడా బైకే వేసుకెళ్తాడు. విమానం అలా కాదు కదా! దిగడానికి రన్‌వే కావాలి, ఆ రన్‌వే ఊరి బయట ఉంటుంది, అక్కడ దిగాక మళ్లీ ఆటో వెతుక్కోవాలి. అద్దె విమానమైతే మీటర్ గంటల లెక్కన తిరుగుతూనే ఉంటుంది. పని మీద వెళ్దామంటే వాతావరణం అడ్డొస్తుంది. అందుకే ఈ పైలట్లు ఎప్పుడూ గాల్లోకి లేవడానికి ఒక సాకు వెతుక్కుంటూ ఉంటారు. ఆ సాకుల కథే ఈ ఎపిసోడ్.

1925కి వెళ్దాం, ఇంగ్లండ్‌కి. అప్పటిదాకా విమానం అంటే సైన్యం, లేదా బాగా డబ్బున్నవాళ్ల ఆట. ఆ ఏడాది ఫిబ్రవరి 22న జెఫ్రీ డి హావిలాండ్ అనే ఇంజనీరు డీహెచ్ 60 మాత్ అనే రెండు సీట్ల చిన్న విమానాన్ని ఎగరేశాడు. ఆయనకి సీతాకోకచిలుకలన్నా, అదే జాతి మాత్‌లన్నా మహా పిచ్చి, అందుకే ఆ పేరు. చెక్క, గుడ్డతో చేసిన విమానం, 60 హార్స్‌పవర్ ఇంజన్. రెక్కలు వెనక్కి మడిచేయొచ్చు, కారు వెనక కట్టి లాక్కెళ్లొచ్చు. మధ్యతరగతివాడు సొంతంగా కొనలేకపోయినా, నలుగురు కలిసి క్లబ్ పెట్టుకుంటే నడపగలిగే విమానం ఇది.

క్లబ్బులు ఊరికే పుట్టలేదు. అదే ఏడాది బ్రిటన్ విమానయాన శాఖ లండన్, లాంకషైర్, న్యూకాజిల్ లాంటి చోట్ల క్లబ్బులకి విమానాలు, డబ్బు ఇచ్చి మొదలుపెట్టించింది. సభ్యులు లైసెన్స్ తెచ్చుకుంటే క్లబ్బుకి గ్రాంట్ కూడా వచ్చేది. ప్రభుత్వానికి జనం సరదా మీద అంత ప్రేమ ఏంటి అంటారా? రేపు యుద్ధం వస్తే విమానం ఎక్కడం తెలిసినవాళ్లు దేశంలో కొంతమంది రెడీగా ఉండాలని లెక్క. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో పనికొస్తుంది.

సరే, క్లబ్బులొచ్చాయి, లైసెన్సులొచ్చాయి. ఆదివారం పొద్దున ఏం చెయ్యాలి? క్లబ్బులు రకరకాల ఆటలు కనిపెట్టాయి. నేల మీద గీసిన గుర్తు మీద పిండి సంచులు వెయ్యడం, గాల్లోకి వదిలిన బెలూన్లని ప్రొపెల్లర్‌తో పగలగొట్టడం లాంటివి. నాకు బాగా నచ్చింది 1930లలో నడిచిన టిఫిన్ దాడి. ఒక క్లబ్ మిగతా క్లబ్బులవాళ్లని ఆదివారం టిఫిన్‌కి పిలుస్తుంది. పిలిచినవాళ్ల విమానాలు తెల్లారకముందే లేచి ఏరోడ్రోమ్ చుట్టూ కాపలా కాస్తాయి. వచ్చే విమానం మీద రాసున్న గుర్తులు వాళ్లు చదివేస్తే అతిథి దొరికిపోయినట్టు, టిఫిన్‌కి డబ్బులు కట్టాలి. ఎవరి కళ్లా పడకుండా దిగితే ఫ్రీ. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు రెండు గుడ్ల కోసం చెట్ల మీద నుంచి, మబ్బుల చాటు నుంచి దూసుకొచ్చేవాళ్లు. అక్కడ ఖర్చయ్యే పెట్రోల్‌తో ఊరంతటికీ టిఫిన్ పెట్టొచ్చేమో!

ఈ క్లబ్బుల్లోంచే వచ్చింది ఏమీ జాన్సన్. లండన్‌లో ఒక లాయర్ ఆఫీసులో టైపిస్ట్. ఖాళీ టైమంతా స్టాగ్ లేన్ ఏరోడ్రోమ్‌లోనే. మొదటిసారి ఒంటరిగా ఎగరడానికి ఆమెకి 15 గంటల 45 నిమిషాల ట్రైనింగ్ పట్టింది. మిగతావాళ్లతో పోలిస్తే ఎక్కువే. అంటే పుట్టుకతో వచ్చిన టాలెంట్ ఏమీ కాదు. కానీ ఆమె ఒక్క విమానం నడపడంతో ఆగలేదు, ఇంజన్ విప్పి బిగించే మెకానిక్ లైసెన్స్ కూడా తెచ్చుకుంది. తర్వాత 1930 మే 5న సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్‌లో ఒంటరిగా ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి బయల్దేరింది. అంతకుముందు ఆమె ఒంటరిగా వెళ్లిన పెద్ద ప్రయాణం ఏంటో తెలుసా? లండన్ నుంచి సొంతూరు హల్‌కి, అంతే. కరాచీ, ఝాన్సీ, కలకత్తా మీదుగా వెళ్లి, రంగూన్ దగ్గర ఫుట్‌బాల్ మైదానంలో దిగబోయి గుంటలో పడి, విమానం బాగు చేయించుకుని, మే 24న డార్విన్‌లో దిగింది. ఒంటరిగా ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా చేరిన మొదటి మహిళ ఆమే.

తమాషా ఏంటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటువైపు నుంచి అటు ఇంకో ప్రైవేట్ పైలట్ వెళ్తున్నాడు. ఆయన జే.ఆర్.డి. టాటా. 1929 ఫిబ్రవరి 10న ఇండియాలో ఒకటో నంబర్ లైసెన్స్ ఆయనకే వచ్చింది. ఇండియా, ఇంగ్లండ్ మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి 500 పౌన్ల బహుమతి ఇస్తానని ఆగా ఖాన్ ప్రకటించారు. టాటా కరాచీ నుంచి బయల్దేరారు. అటు నుంచి ఆస్పీ ఇంజనీర్ అనే 17 ఏళ్ల కుర్రాడు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. ఆస్పీకి స్పార్క్ ప్లగ్గులు కావాలి, అవి దొరక్క ఆగిపోయాడు. టాటా తన దగ్గరున్నవి ఇచ్చేశారు. పోటీలో ఉన్నవాడికి! ఆస్పీ కొద్ది తేడాతో గెలిచాడు. ఆ కుర్రాడే తర్వాత మన ఎయిర్ ఫోర్స్ చీఫ్ అయ్యాడు. టాటా 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపి, పెరిగి పెరిగి ఎయిర్ ఇండియా అయిన సంస్థకి పునాది వేశారు. ఇదంతా లెక్కేసుకుంటే, 500 పౌన్ల సాకు బాగానే గిట్టుబాటైంది అనుకోవాలి.

ఇప్పుడు అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్దాం. అక్కడ మాత్ చేసిన పనిని పైపర్ కబ్ అనే పసుపు రంగు విమానం చేసింది. 1938 ప్రాంతంలో ధర వెయ్యి డాలర్లకి కాస్త పైన. దాదాపు 20,000 తయారయ్యాయి. ఆ ఏడాది చివర్లో అమెరికా ప్రభుత్వం కూడా బ్రిటన్ దారే పట్టింది. కాలేజీ పిల్లలకి ప్రభుత్వ ఖర్చుతో విమానం నేర్పించే పథకం పెట్టింది. 1944 కల్లా 4,35,000 మందికి పైగా ఆ పథకంలో నేర్చుకున్నారు.

1941 డిసెంబర్ 7, హవాయి. మనకి పెర్ల్ హార్బర్ అనగానే యుద్ధనౌకలు గుర్తొస్తాయి. కానీ అది ఆదివారం పొద్దున, అంటే సరదా పైలట్ల టైమ్. జపాన్ విమానాలు వచ్చేసరికి గాల్లో ఈ చిన్న విమానాలున్నాయి. రాయ్ విటౌసెక్ అనే లాయర్ కొడుకుని ఎక్కించుకుని చక్కర్లు కొడుతున్నాడు. కొర్నీలియా ఫోర్ట్ అనే అమ్మాయి స్టూడెంట్‌కి పాఠం చెప్తోంది. ఎదురుగా ఒక విమానం దూసుకొస్తుంటే కంట్రోల్ లాక్కుని తప్పించింది. పక్కనుంచి పోతున్న ఆ రెక్కల మీద చూస్తే ఎర్ర సూర్యుడి గుర్తు! వీళ్లంతా ప్రాణాలతో దిగారు. అద్దెకి తీసుకున్న రెండు కబ్‌లలో సరదాగా తిరగడానికి వెళ్లిన సైనికులు మాత్రం తిరిగి రాలేదు.

యుద్ధంతో సరదా ఫ్లయింగ్‌కి తాళం పడింది. బ్రిటన్‌లో అయితే 1939లోనే పడింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. ఆదివారాలు టిఫిన్ కోసం ఎగిరినవాళ్లే బ్రిటన్‌లో ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకి యుద్ధ విమానాలు చేరవేశారు. ఏమీ జాన్సన్ ఆ పనిలోనే 1941 జనవరిలో థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట విమానం కూలి చనిపోయింది. కొర్నీలియా ఫోర్ట్ కూడా అమెరికాలో అలాంటి పనిలోనే 1943లో చనిపోయింది. అమెరికాలో సివిల్ ఎయిర్ పెట్రోల్ పేరుతో డాక్టర్లు, వ్యాపారులు, రైతులు తమ సొంత చిన్న విమానాలేసుకుని తీరం వెంబడి జర్మన్ సబ్‌మెరైన్ల కోసం కాపలా కాశారు. ఏడాదిన్నరలో 173 చోట్ల సబ్‌మెరైన్ కనిపించిందని రిపోర్టులిచ్చారు. ఒకే ఇంజన్, కింద చల్లటి సముద్రం. 26 మంది తిరిగి రాలేదు.

యుద్ధం అయిపోయాక కంపెనీలు ఏమనుకున్నాయంటే, ఇక ప్రతి ఇంటికీ ఒక విమానం. ఎర్కూప్ అనే చిన్న విమానాన్ని మేసీస్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పెట్టి అమ్మారు, మన దగ్గర ఫ్రిజ్‌లు అమ్మినట్టు. 1946లో అమెరికా 30,000కి పైగా చిన్న విమానాలు తయారుచేసింది. మరుసటి ఏడాదికే అది సగానికి పడిపోయింది, ఆ తర్వాత ఇంకా కిందికి. కారణాలు చాలానే చెప్తారు. యుద్ధంలో వాడిన పాత విమానాలు చవగ్గా దొరకడం కూడా అందులో ఒకటి. నా లెక్కలో అసలు కారణం మనం మొదట అనుకున్నదే. కొన్నారు, నాలుగు వారాలు బంధువులందరినీ తిప్పారు, తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు.

మిగిలినవాళ్లు, అంటే సాకు లేకపోయినా ఎగిరేవాళ్లు, ఇప్పటికీ ఎగురుతున్నారు. వాళ్లు పెట్టుకున్న జోకు పేరే వంద డాలర్ల హాంబర్గర్. పక్క జిల్లా ఎయిర్‌పోర్టులో క్యాంటీన్ ఉంటుంది. గంట ఎగిరి అక్కడికెళ్లి బర్గర్ తిని, గంట ఎగిరి వెనక్కి రావడం. బర్గర్ ధర తక్కువే, మిగతాదంతా విమానం ఖర్చు. ఇప్పుడు వంద డాలర్లతో అవ్వదు కూడా. బ్రిటన్‌లో ఇదే జోకు బేకన్ శాండ్‌విచ్ పేరుతో నడుస్తుంది.

దీన్ని డబ్బున్నవాళ్ల వేషాలు అని తీసిపారేయొచ్చు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. అమెరికా రూల్ ప్రకారం గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు టేకాఫ్, మూడుసార్లు ల్యాండింగ్ చెయ్యని పైలట్ పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. ఎందుకంటే ల్యాండింగ్ అనేది సైకిల్ లాంటిది కాదు, వదిలేస్తే చెయ్యి మర్చిపోతుంది. అందుకే చాలామంది ఎక్కడికీ వెళ్లరు. ఎయిర్‌పోర్టు చుట్టూనే తిరుగుతూ దిగడం, లేవడం, మళ్లీ దిగడం. ఆ బర్గర్ ప్రయాణంలో కూడా కొత్త రన్‌వే, కొత్త గాలి, రేడియోలో కొత్త గొంతు ఉంటాయి. అలా చెయ్యి ఆడుతూ ఉంటేనే రేపు పక్కగాలిలో దిగాల్సొచ్చినప్పుడు బతికి బయటపడేది. పెళ్లాం పిల్లలతో వెళ్తున్నప్పుడు మూడు నెలల తుప్పు వదిలించుకుందాం అంటే కుదరదు కదా.

చంపే సాకు కూడా ఒకటుంది, చెప్పకుండా వదిలేస్తే తప్పవుతుంది. సొంతింటి మీద, స్నేహితుడి ఇంటి మీద తక్కువ ఎత్తులో తిరిగి చెయ్యి ఊపడం. క్లబ్బుల కాలం నుంచీ ఉన్న జబ్బు ఇది. కళ్లు కిందున్న మనుషుల మీద ఉంటాయి, మలుపులో వేగం పడిపోతుంది, సర్దుకోవడానికి కింద ఎత్తు ఉండదు. రూల్ ప్రకారం ఊళ్ల మీద కనీసం వెయ్యి అడుగులు పైన ఉండాలి. ఆ వెయ్యి అడుగులు సర్దుకోవడానికి ఇచ్చిన టైమ్ అనుకోండి.

కొంతమంది ఎగరడం కన్నా తయారుచెయ్యడంలోనే గంటలు గడుపుతారు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో అలాంటివాళ్లతో ఒక సంఘం పెట్టాడు. పేరు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. గ్యారేజీలో ఏళ్ల తరబడి చేసుకున్న విమానాలేసుకుని ఏటా ఆష్‌కాష్ అనే ఊళ్లో కలుస్తారు. ఈ సంఘం 1992 నుంచి 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని ఉచితంగా ఒకసారి గాల్లో తిప్పుతోంది. ఇప్పటికి 20 లక్షల మందికి పైగా పిల్లలు అలా ఎక్కారు. ఎక్కించింది ఎవరంటే ఈ సరదా పైలట్లే, సొంత పెట్రోల్‌తో. నన్నడిగితే సాకులన్నిట్లోకీ ఇదే బెస్ట్.

మరి మన దగ్గర? హైదరాబాద్ బేగంపేట ఎయిర్‌పోర్ట్ ఉంది కదా, అది 1930లలో నిజాం కాలంలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో మొదలైంది. అంటే క్లబ్బువాళ్లు చక్కర్లు కొట్టిన నేల మీదే తర్వాత ఎయిర్‌లైన్స్ వచ్చాయి. ఇప్పుడు మన దగ్గర 40 గంటలు పూర్తిచేసిన కుర్రాడు 41వ గంట ఎక్కడికి అని ఆలోచించడు. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు కావాలి, ఇంటి దగ్గర అప్పు వడ్డీ పెరుగుతోంది, నాన్న ఫోన్ చేసి ఇంకెన్ని గంటలు రా అని అడుగుతుంటాడు. వాడికి ప్రతి గంటా ఉద్యోగం వైపే. అందులో తప్పేం లేదు. టాటా గారు మాత్రం 1982లో, 78 ఏళ్ల వయసులో, పాత లెపర్డ్ మాత్ ఎక్కి, 50 ఏళ్ల కిందటి ఆ కరాచీ టు బొంబాయి దారిలోనే మళ్లీ ఒంటరిగా ఎగిరొచ్చారు. ఈసారి సంచుల కొద్దీ టపా తేవాల్సిన అవసరం ఏమీ లేదు.